పెద్దకొడుకు అంబాడిన యేడు

అరుగు మీద కూర్చున్న అవ్వ ముందు డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి నోటుబుక్కు తెరిచింది. ప్రశ్నలన్నీ ముందే వరసగా రాసుకొచ్చింది. మొదటిది ఊరి చెరువు గురించి.

"చెరువు ఎప్పుడు తెగింది అవ్వా? ఏ సంవత్సరంల?"

"సంవత్సరం నాకేమెరుక బిడ్డా! నా పెద్దకొడుకు అంబాడుతుండె. గా యేడే తెగింది."

అమ్మాయి గడి ఖాళీగా వదిలి రెండో ప్రశ్నకు వెళ్ళబోయింది. పక్కనే ఉన్న నేను ఆపాను. అవ్వ జవాబు చెప్పేసింది, దాన్ని అందుకోవడం మాకే రాలేదు. పెద్దకొడుకు వయసెంతని అడిగాం. ఇంట్లోంచి బడి సర్టిఫికెట్టు తెచ్చి చూపించారు. పుట్టిన తేదీ 1969 జూలై 1. ఆ రోజుల్లో బడిలో చేర్చుకునేటప్పుడు పంతుళ్ళు అందాజాగా వేసిన తేదీలు చాలా ఉంటాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మలేం. ఇంతలో ఎదురింటి తాత కలగజేసుకున్నాడు: "జై తెలంగాణ లొల్లి అయిన మరుసటేడు, వానకాలం." లొల్లి 1969లో. మరుసటేడంటే 1970. సర్టిఫికెట్టుకూ తాత మాటకూ పొంతన కుదిరింది. అమ్మాయి గడిలో "1970" అని రాసింది. దాని కింద అవ్వ మాటను అలాగే రాసింది: పెద్దకొడుకు అంబాడిన యేడు.

ఆ రెండు మాటలూ ఒకే గడిలో ఉండాలి. మొదటిది ఊరి చరిత్రను లోకం చరిత్రతో ముడివేస్తుంది, రెండోది ఆ చరిత్ర ఎవరిదో చెబుతుంది. ఆ నోటుబుక్కు కాలేజీ బీరువాకు చేరి ఊరుకోకుండా మళ్ళీ ఆ అరుగు దగ్గరికి రావాలి. విద్యార్థులూ ఊరివాళ్ళూ కలిసి చేసే మౌఖిక చరిత్ర పనికి ప్రాణం అక్కడే ఉంది.

చెప్పింది ఊరు, దక్కింది ఎవరికో

ఊళ్ళు తిరిగి చరిత్ర సేకరించడం మనకు కొత్త కాదు. రెండు శతాబ్దాల కిందట కాలిన్ మెకంజీ అనే స్కాట్లాండు ఇంజనీరు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ ఈ పని పెద్దయెత్తున చేయించాడు. అందులో ఆయనకు కుడిభుజంగా నిలిచింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఊరు ఎలా వెలిసింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, మాన్యాలు ఎవరికున్నాయి అని అడిగి కరణాల చేత, పెద్దల చేత చెప్పించి రాసిన ఆ గ్రామ వృత్తాంతాలే కైఫీయత్తులు. బొర్రయ్య 1803లోనే పోయాడు. మెకంజీ 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయి, 1821లో చనిపోయాడు. ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకొస్తే, ఒక దేశీయుడి చేతిలో అంత పని పెట్టడానికి కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు.

సేకరించిన రాతల్లో కొన్ని లండన్ చేరాయి, కొన్ని మద్రాసుకు చేరాయి. పాడైపోతున్నవాటికి సి.పి. బ్రౌన్ మళ్ళీ నకళ్ళు తీయించాడు. ఎవరు చెప్పారో వాళ్ళ చేతికి అవి తిరిగి వెళ్ళే ఏర్పాటు మాత్రం లేకపోయింది. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోటే వెలసిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, కట్టా నరసింహులు గారి సంపాదకత్వంలో ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. ఇప్పుడు ఆ కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగం. తాతముత్తాతలు చెప్పిన మాట మనవల చేతికి పుస్తకంగా అందడానికి అన్ని తరాలు పట్టింది.

కైఫీయత్తుల్లో ఇంకో లోటు ఉంది. వాటిలో ఎక్కువగా వినిపించేది కరణం గొంతు. నాట్లు వేసినామె, వెట్టి చేసినాయన అందులో పెద్దగా మాట్లాడరు. ఆ గొంతులను వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు తర్వాత వచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాలను పరిశోధనాంశంగా తీసుకుని, పల్లెల్లో పాడే పాటకు విశ్వవిద్యాలయంలో చోటు సంపాదించారు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన సభ్యులు టేప్‌రికార్డర్లు పట్టుకుని వెళ్ళి, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ళ నోటినుంచే విన్నారు. 1986లో వచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" అలా పుట్టిందే. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటి వాళ్ళు దళాల లెక్కలే కాదు, అడవిలో పసిబిడ్డలతో పడ్డ పాట్లూ, పోరాటం ముగిశాక ఇళ్ళకు పొమ్మన్నప్పటి బాధా చెప్పారు. ఏ పార్టీ చరిత్రలోనూ అంతకు ముందు అంత చోటు దొరకని మాటలవి.

ఆదిలాబాద్ జిల్లా గుంజాల కథ మనకు మరీ దగ్గరిది. అక్కడి గోండు కుటుంబాల దగ్గర ఒక ప్రత్యేక లిపిలో రాసిన పాత ప్రతులు భద్రంగా ఉన్నాయి. వాటిని చదవగలిగే పెద్దలు మిగిలింది ఏ కొద్దిమందో. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తరఫున జయధీర్ తిరుమలరావు గారి బృందం వెళ్ళి, ఆ పెద్దలనే గురువులుగా పెట్టుకుని పని చేసింది. ఆ లిపిని మళ్ళీ పిల్లలకు నేర్పారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ప్రతులు కాపాడుకున్నది ఊరు, వాటికి కొత్త దారి వేసింది విశ్వవిద్యాలయం. రెండు చేతులూ కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

ఊరికి సొంత పద్ధతులున్నాయి

ఊరికి వెళ్ళే విద్యార్థి ముందు తెలుసుకోవలసింది, జ్ఞాపకాన్ని భద్రపరిచే పని తనతో మొదలు కాలేదని. పద్మశాలీల మార్కండేయ పురాణం చెప్పడానికి కూనపులివాళ్ళున్నారు. వాళ్ళు చేర్యాల నకాశీలు గీసిన పటం విప్పి, ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ నడుపుతారు. ఏ ఊళ్ళో ఎవరు చెప్పాలన్నది మిరాశీగా తరాల నుంచి వస్తోంది. సమ్మక్క సారలమ్మల కథ కోయ డోలీల గొంతులో ఉంది, వాళ్ళు విప్పే పడిగె మీది బొమ్మల్లో ఉంది. బొమ్మల క్రమమే కథకు పట్టుకొమ్మ, అది చెదిరితే కథ దారి తప్పుతుంది. ఇలాంటివాళ్ళు ఆ సమాజాల చరిత్రకారులు. వాళ్ళను "సమాచారం ఇచ్చేవాళ్ళు" అని పిలవడం నాకు చిన్నతనంగా తోస్తుంది.

కాలాన్ని గుర్తుపెట్టుకోవడానికీ ఊరికి తన లెక్క ఉంది. గుంటూరు సీమను తుడిచిపెట్టిన 1832–33 కరువును జనం నందన కరువన్నారు. 1876లో మొదలైనదాన్ని ధాత కరువన్నారు. రెండూ తెలుగు సంవత్సరాల పేర్లే. అయితే అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుంది. 1892లో నందన వచ్చింది, 1952లోనూ వచ్చింది. అందుకే పేరు వినగానే తేదీ రాసుకోకుండా, చెప్పినాయన తాతకు అప్పుడెంత వయసో, ఊళ్ళో అప్పటికి రైలు వచ్చిందో లేదో అడిగి ఏ ఆవృత్తిలోదో తేల్చుకోవాలి. దివిసీమలో అయితే 1977 నవంబరు ఉప్పెనకు ముందు, తర్వాత అని కాలం రెండుగా చీలిపోతుంది. తెలంగాణ పల్లెల్లో 1948 పోలీసు చర్య అలాంటి గీత. పెళ్ళి, కానుపు, పంచాయతీ, భూమి తగాదా ఏదైనా ఈ గీతలకు ముందా వెనకా అని అడిగితే పెద్దవాళ్ళు తడుముకోకుండా చెబుతారు.

వినడంలో పనితనం

మంచి రికార్డింగు సగం ముందే జరుగుతుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోను బయటికి తీయకూడదు. పలకరించి, ఎందుకొచ్చామో, విన్నదాన్ని ఏం చేస్తామో చెప్పి, చాయ తాగి రావాలి. రెండోసారి వెళ్ళినప్పుడు ఫోనులో విమానం గుర్తు నొక్కి, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టి, ఫ్యాను ఆపించి మొదలుపెట్టాలి. తువ్వాలు లేకపోతే మంచం కిర్రుమన్నదల్లా మాటకు అడ్డొస్తుంది. మొదటి అర నిమిషంలో తేదీ, ఊరు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పాలి. ఇంటికి రాగానే మూడు నకళ్ళు తీయాలి. ఈ చివరి మాట అనుభవం నేర్పింది. మేం ఈ పని మొదలుపెట్టిన ఏడాదిలో ఒక మోట బావి తవ్విన తాత మధ్యాహ్నమంతా చెప్పినదాన్ని ఒక్క పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాం. అది పోయింది. మళ్ళీ వెళ్దామనుకునేలోగా తాత పోయాడు. ఆయన గొంతు ఆయన ఇంట్లో కూడా ఎవరి దగ్గరా లేదు.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. "రజాకార్ల కాలంలో కష్టాలు పడ్డారా?" అంటే "ఆఁ" అని ఊరుకుంటారు. "ఆ రోజుల్లో పొద్దుగూకితే ఏం చేసేవాళ్ళు?" అంటే తలుపులకు అడ్డం పెట్టిన రోకలి దగ్గర్నుంచి జొన్నచేలో పడుకున్న రాత్రిదాకా వస్తుంది. మాట ఆగినప్పుడు మనం ఆగాలి. కొత్త విద్యార్థులకు మౌనం భయం, వెంటనే ఇంకో ప్రశ్న వేసేస్తారు. అసలు మాట చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది.

ఆడవాళ్ళతో మాట్లాడాలంటే మగవాళ్ళు లేని చోటు, పని ఆగని వేళ చూసుకోవాలి. బీడీలు చుట్టేటప్పుడు, మిరపకాయల తొడిమలు తీసేటప్పుడు చేతులు ఆగవు, మాటా ఆగదు. ఊరి పటం గీయమంటే కాగితం ముందు మొగమాటపడే అమ్మలు, వాకిట్లో ముగ్గుపిండి ఇస్తే చకచకా గీస్తారు. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్ళకు ఇది మరీ అవసరం. ఆ నీళ్ళలోనే మునిగిన సంగమేశ్వరాలయం ఏటా వేసవిలో నీళ్ళు తగ్గాక బయటపడుతుంది. ఆ ఊళ్ళలో బొడ్రాయి ఎక్కడుండేదో, మంచినీళ్ళ బావికి ఎవరెవరు ఏ దారిన వెళ్ళేవాళ్ళో, ఎవరిని ఆ దారిన రానిచ్చేవాళ్ళు కాదో మాత్రం అక్కడ బతికినవాళ్ళు గీసి చూపిస్తేనే తెలుస్తుంది.

విన్నది అక్షరాల్లో పెట్టడం ఓపిక పని. గంటసేపు మాటకు ఆరేడు గంటలు పడుతుంది. అవ్వ "గప్పుడు" అంటే "గప్పుడు" అనే రాయాలి. దాన్ని "అప్పుడు" అని దిద్దితే ఆమె మనిషి మారిపోతుంది. ఎక్కడ నవ్విందో, ఎక్కడ గొంతు తగ్గించిందో పక్కన గుర్తుపెట్టాలి. ఒకరి మీద చెప్పిన మాట ఊళ్ళో ఇంకొకరికి ముప్పు తెచ్చేదైతే, పేరు ఉంచాలా వద్దా అన్నది చెప్పినవాళ్ళనే అడగాలి. సంతకమో వేలిముద్రో ఒకసారి తీసుకుంటే సరిపోదు. "ఇది వద్దు బిడ్డా, తీసెయ్" అని తర్వాత ఎప్పుడు చెప్పినా తీసేయాలి.

తప్పు చెప్పినప్పుడు

జ్ఞాపకం తప్పవచ్చు కదా, ఇది చరిత్ర ఎలా అవుతుందని విద్యార్థులు అడుగుతారు. దానికి ఇటలీ నుంచి ఒక జవాబుంది. టెర్నీ పట్టణంలో లూయీజీ త్రస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో నాటోకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. తర్వాత ఆ ఊరివాళ్ళను అలెస్సాండ్రో పోర్తెల్లి అడిగితే, చాలామంది ఆ చావును 1953లో ఉద్యోగాల తొలగింపుపై జరిగిన గొడవల్లోకి జరిపి చెప్పారు. ఆయన దాన్ని కొట్టిపారేయలేదు. తమ మనిషి చావు తమ బతుకుపోరులోనే జరిగినట్టు ఊరంతా ఎందుకు గుర్తుపెట్టుకుందని అడిగాడు. దస్త్రం ఏం జరిగిందో చెప్పింది, జ్ఞాపకం అది వాళ్ళకేమైందో చెప్పింది. అందుకే తేదీని సర్టిఫికెట్టుతో, పహాణీతో, పక్కింటి తాతతో సరిచూస్తాం. తేడా వస్తే ఆ తేడాను చెరిపేయకుండా రాస్తాం.

తిరిగి వినిపించడం

తెలంగాణ సాహిత్య అకాడమీ "మన ఊరు – మన చరిత్ర" పేరుతో డిగ్రీ విద్యార్థుల చేత ఊళ్ళ చరిత్ర రాయించే పని చేపట్టింది. తన ఊరి గురించి తన అమ్మమ్మనే అడిగి రాసే పిల్లవాడికి చరిత్ర పరీక్ష కోసం బట్టీపట్టే పాఠంగా మిగలదు. ఇలా రాసిన ప్రతి పుస్తకమూ ముందు ఆ ఊరి బడికి, పంచాయతీకి చేరాలని నా కోరిక. చదవలేనివాళ్ళకు గొంతే చేరాలి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు 2008 నుంచి నడిపిన సంఘం రేడియో ఆ దారి ఎప్పుడో చూపించింది. పాత పంటలు, పాటలు, పండగల ముచ్చట్లు ఎవరు చెప్పారో వాళ్ళ ఇళ్ళకే అక్కడినుంచి చేరాయి.

మేమూ ఆ అవ్వ ఊరికి మళ్ళీ వెళ్ళాం. అరుగు ముందు చిన్న స్పీకరు పెట్టి ఆమె మాటలు ఆమెకే వినిపించాం. చుట్టూ పదిహేనుమంది దాకా చేరారు. చెరువు మత్తడి దిక్కు తెగిందని స్పీకర్లో అవ్వ చెప్పగానే వెనక నుంచి ఒకామె లేచింది.

"కాదే అక్కా, మత్తడి దిక్కు కాదు. తూము కాడ తెగింది. మా పొలమే ముందు కొట్టుకపోయింది."

అవ్వ కాసేపు ఆలోచించి, "మీ పొలమే గద, నిజమే" అంది. ఇద్దరూ అరుగు దిగి వాకిట్లో ముగ్గుపిండితో కట్టను గీయడం మొదలుపెట్టారు. మా విద్యార్థిని రికార్డరు మళ్ళీ నొక్కింది. పదో తరగతి చదువుతున్న అవ్వ మనవరాలు నోటుబుక్కు అడిగి తీసుకుని, "1970, పెద్దకొడుకు అంబాడిన యేడు" అన్న వరస కింద తన రాతతో ఇంకో వరస చేర్చింది: తూము కాడ.