రెండు సంతకాలు

2016 అక్టోబర్ 11న మా నెల్లికుదురు మండలం వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి పోయింది. చూస్తుండగానే దుకాణాల బోర్డులు మారాయి, రబ్బరు స్టాంపులు మారాయి. ఓ పంచాయతీలో కారోబారుగా లెక్కలు రాసే నా చెయ్యి మాత్రం మారలేదు. తీర్మానం పైన 'వరంగల్' అని రాసి కొట్టేయడం ఏడాది దాకా పోలేదు.

అసలు మార్పు 2018 పంచాయతీరాజ్ చట్టంతో వచ్చింది. తండాలు సొంత పంచాయతీలయ్యాయి. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం ఉండాలన్నారు. పైసలు ఒక్కరి చేతిలో ఉండొద్దనుకోవడం మంచిదే. కానీ సర్పంచ్‌ని ఊరంతా ఓటేసి గెలిపిస్తుంది, ఉపసర్పంచ్‌ని వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. ఇద్దరిదీ చెరో వర్గమైతే? ఓసారి కాలిపోయిన బోరు మోటారు బాగుచేసినాయన బిల్లు రెండు నెలలు నా సొరుగులోనే ఉంది. ఒక సంతకం పడింది. రెండో సంతకం పెట్టాల్సినాయన 'ఊళ్లో లేడు'. పొద్దున్నే హోటల్లో చాయ్ తాగుతూ కనపడేవాడనుకోండి, అది వేరే సంగతి.

అదే ఊళ్లో మహిళా సంఘానికీ రెండు సంతకాలే. వాళ్లు చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. పొదుపు పైసలు మధ్యలో పోసి లెక్కపెడతారు. అప్పు ఎవరికి, ఎందుకు, పోయిన నెల కిస్తీ ఎవరు కట్టలేదు, అన్నీ పైకి చదువుతారు. చదువురాని ముసలమ్మకు కూడా అంకెలు నోటికొచ్చు. సంతకం దాకా వచ్చేసరికి పేచీకి ఏం మిగలదు.

లెక్క అందరి ముందు చదివితే పేచీ ఉండదని చట్టం రాసినవాళ్లకు తెలియదనలేం. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమన్నారు. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిని కోఆప్షన్ సభ్యురాలిగా పంచాయతీలో కూర్చోబెట్టారు, ఓటు మాత్రం ఇవ్వలేదు. ఇక నా రిజిస్టర్లో గ్రామసభల సంతకాలంటారా, చాలామట్టుకు ఇల్లిల్లూ తిరిగి పెట్టించినవే. తిరిగింది నేనే.

2024 ఫిబ్రవరిలో పంచాయతీ పాలకవర్గాల గడువు తీరి, దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారులు నడిపారు. వర్గాల పేచీ లేదు, అడిగేవాళ్లూ లేరు. 2025 డిసెంబర్‌లో మళ్లీ ఓట్లు పడ్డాయి.

మొన్న కొత్త వార్డు సభ్యురాలు ఇంటికొచ్చింది. మహిళా సంఘంలో లెక్కల పుస్తకాలు రాసిన పిల్ల.

"కాకా, మా సంఘంల చదివినట్టు పంచాయతీ పాసుబుక్కు అందరి ముందట చదవొచ్చా? ఎవరన్న కాదంటరా?"

చదవొద్దని ఎక్కడా లేదు బిడ్డా అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.