ఆరో అంకె దగ్గర విత్తనం

పత్తి పండించేవాళ్లకు గింజ వేరు, విత్తనం వేరు. జిన్నింగ్ మిల్లులో దూదిని విడిచి కుప్పపడేది గింజ. అది నూనె మిల్లుకు వెళ్లి, చివరికి చెక్కగా మారి గేదె తొట్టికి చేరుతుంది. ప్యాకెట్టుగా కొని తెచ్చి, అచ్చు తోలిన చేలో పెట్టేది విత్తనం. మాటల్లో రెండూ కలిసిపోవచ్చు. ధరలో, జాగ్రత్తలో మాత్రం ఎన్నడూ కలవవు. ఓడెక్కే సరుకులకు నంబర్లు వేసే కస్టమ్స్ టారిఫ్ ఈ తేడాను ఏ చోట పట్టుకుందో, ఏ చోట కావాలనే వదిలేసిందో చూస్తే, రాసినవాళ్ల పనితనానికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

సరుకుల వర్గీకరణకు ప్రపంచ దేశాలు వాడుతున్న హార్మొనైజ్డ్ సిస్టమ్ ఒప్పందం 1983లో బ్రస్సెల్స్‌లో కుదిరింది; 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మొదటి 6 అంకెలు అందరికీ ఒకటే. ఆపైన ఎవరి అవసరం వారిది: మనం 8 అంకెల దాకా రాస్తాం, అమెరికా 10 దాకా. నూనెగింజలు, విత్తనాలు, మందుమొక్కలు అన్నీ 12వ అధ్యాయంలో ఉంటాయి.

ఆ అధ్యాయం కొత్తగా తిరగేసేవాళ్లు ఒకచోట తప్పకుండా ఆగుతారు. 1209వ హెడ్డింగు 'విత్తడానికి వాడే రకం' గింజలది. విత్తన పత్తి పెట్టె చేతిలో ఉన్నవాడికి అది తనకోసమే రాసినట్టు కనిపిస్తుంది. తొందరపడి ఆ నంబరు వేస్తే తప్పే. హెడ్డింగు మాటలతోపాటు అధ్యాయం మొదట్లో ఉన్న నోట్లు కూడా చదివాకే తీర్పు చెప్పాలన్నది వర్గీకరణ మొదటి నియమం. అక్కడి 3వ నోటు రెండు పనులు చేస్తుంది. కూరగాయల గింజలు, పూలమొక్కల గింజలు, అడవిచెట్ల గింజలు, గడ్డి గింజలు వంటివాటిని విత్తే రకంగానే ఎంచమంటుంది. ఆ వెంటనే, విత్తడానికే తెచ్చినా సరే 1209లోకి రాకూడని వాటిని చెబుతుంది: చిక్కుడు జాతి కూరగాయలు, తీపి మొక్కజొన్న, మసాలా దినుసులు, ధాన్యాలు, 1201 నుంచి 1207 దాకా ఉన్న నూనెగింజలు, 1211లోని మందుమొక్కలు. పత్తి పేరు పక్కనే ఉన్న 1వ నోటులో 1207 కింద స్పష్టంగా ఉంది. కాబట్టి ఎంత మేలిరకం విత్తనమైనా పత్తి 1207 దాటి పోదు.

ఇందులో నాకు నచ్చింది ఆ కాఠిన్యం వెనక ఉన్న ఆలోచన. పుచ్చగింజలు నోట్లో వేసుకునేవాళ్లున్నారు గానీ, బంతిపూల గింజలు విత్తడానికి తప్ప మరెందుకు? పత్తిగింజ అలా కాదు. రేవులో దిగిన బస్తా మిల్లుకు పోతుందో చేనుకు పోతుందో బయటి నుంచి చూసి ప్రమాణం చేయలేం. సరుకు దేనికోసం వచ్చిందన్న ప్రశ్నను హెడ్డింగు దగ్గరే అడిగితే, ఒకే గింజకు రెండు ఇళ్లు ఏర్పడతాయి, తగాదాలకు అంతుండదు. అందుకే ముందు 'ఇది ఏమిటి' అని అడిగారు. పత్తిగింజ అన్న జవాబు వచ్చాక, 'దేనికి' అన్న ప్రశ్నను కింది మెట్టుకు దించారు.

ఆ కింది మెట్టు కూడా మొదట లేదు. 2007 కూర్పు దాకా 1207.20 అన్న ఒక్క గడిలోనే మొత్తం పత్తిగింజ ఇమిడింది. 2012 కూర్పులో అది రెండయింది: విత్తనానికి 1207.21, మిగతా గింజకు 1207.29. గోధుమ, బార్లీ, సోయా, వేరుశనగలకూ అప్పుడే విత్తనం కోసం వేరే గడులు వచ్చాయి. విశేషమేమిటంటే 1207లో ఆముదం, నువ్వులు, ఆవాలు, కుసుమలు ఉన్నా, 6 అంకెల మట్టంలో ఈ చీలిక దక్కింది పత్తికొక్కదానికే.

ఇంగ్లీషు పాఠం ఇక్కడ కాస్త తడబడుతుంది. 'కాటన్ సీడ్స్' అని రాసి, దాని కింద మళ్లీ 'సీడ్' అని రాయాల్సి వచ్చింది. అంతే ప్రామాణికమైన ఫ్రెంచి పాఠానికి ఆ ఇబ్బంది లేదు. పైన 'గ్రెన్', కింద 'సెమాన్స్' అంటుంది. మన భాషలోనైతే పైన గింజలు, కింద విత్తనం. అనువదించాల్సిన పనే లేనంత సహజంగా కుదిరింది.

గింజ ముక్కలైనా 1207 మారదు. పొట్టు తీసినా మారదు. స్వభావం మారితేనే ఇల్లు మారుతుంది. గింజను వీడని పత్తి 52వ అధ్యాయంలో 5201. జిన్ను ఆడాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు, అంటే లింటర్లు, 1404.20. ఆ నూగును గుజ్జు చేస్తే 4706.10కి, కాగితపు ముడిసరుకుల పక్కకు చేరుతుంది. నూనె తీయకుండా పిండి చేస్తే 1208. నూనె తీశాక మిగిలిన చెక్క 2306.10. ముడి నూనెకు రాసిన 1512.21లో ఒక చిన్న మాట నన్ను మళ్లీ మళ్లీ ఆపుతుంది: గాసిపాల్ తీసినా, తీయకపోయినా. పత్తిగింజలో సహజంగా ఉండే విషపదార్థం గాసిపాల్. దాన్ని తీస్తే నూనె ఇక ముడిది కాదని రేపు ఎవరో వాదిస్తారని ముందే ఊహించి, ఆ వాదనకు చోటు లేకుండా కట్టేశారు. నంబర్ల పుస్తకంలో మిల్లు వాసన తెలిసినవాడి చెయ్యి కనిపించేది ఇలాంటి చోటే.

1207.21కి, 1207.29కి మధ్య గీత మీద కస్టమ్స్ అధికారి నిలబడినప్పుడు కాగితం ఒక్కటే చాలదు. యాసిడ్‌తో నూగు తీసి నల్లగా చేసిన గింజా, మందు పట్టించి రంగు పూసిందా, మొలక శాతం రాసిన లేబుల్ ఉందా, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఏమంటోంది, అన్నీ కలిపి చూడాలి. ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా సాక్ష్యం కాదు, ఎందుకంటే నూగుతో ఉన్న గింజనూ విత్తుతారు. మందు పట్టించిన విత్తనాన్ని మాత్రం మిల్లుకూ దాణాకూ పోనివ్వకూడదు. ఇక్కడ అంకె తప్పితే పోయేది సుంకం ఒక్కటే కాదు.

జోగులాంబ గద్వాల చేలల్లో ఈ విత్తనం ఎలా పుడుతుందో చూసినవాళ్లకు ఆ ఆరో అంకె విలువ చెప్పక్కర్లేదు. మర్నాడు విచ్చుకోబోయే ఆడ వరుస మొగ్గను సాయంత్రం గుర్తుపట్టి, గోటితో పుప్పొడి తొడుగు ఒలిచి, గుర్తు పెట్టి వదులుతారు. తెల్లారాక మగ వరుస పువ్వు తెచ్చి దాని కీలాగ్రానికి అద్దుతారు. 'క్రాసింగ్' అంటారు దీన్ని. పూత ఉన్నన్నాళ్లూ, చేలో మొగ్గ మొగ్గకూ ఇదే పని. ఆ చేతుల మీదుగా వచ్చిన గింజ ఎప్పుడైనా పరదేశం బయల్దేరితే, షిప్పింగ్ బిల్లులో దాని పేరు 1207 21 00.