‘ఐరిస్’ గ్రంథము – రోగనామవిచారము

జాన్ బెయిలీ యనునతఁడు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 1974 మొదలు 1992 వఱకు ఆంగ్లసాహిత్యాచార్యుఁడుగా నుండెను. ఆతఁడు 1956లోఁ బెండ్లియాడిన ఐరిస్ మర్డాక్ 1919వ సంవత్సరమున డబ్లిన్ నగరమునఁ బుట్టి, ఆక్స్‌ఫర్డునందలి సెయింట్ ఆన్స్ కళాశాలలోఁ దత్త్వశాస్త్రము బోధించి, 26 నవలలు రచించి, 1978లో ‘ది సీ, ది సీ’ యను నవలకు బుకర్ బహుమానమును బడసిన విదుషి. ఆమెకు ఆల్‌జైమర్ వ్యాధి సోఁకినదన్న నిర్ణయము 1997లో లోకమునకుఁ దెలిసెను. మఱునాఁటి సంవత్సరమున, ఆమె జీవించి యుండఁగనే, భర్త ‘ఐరిస్’ అను పేర నొక గ్రంథమును వెలువరించెను. 1999 ఫిబ్రవరి 8వ తేదీన నామె మరణించెను.

ఆ గ్రంథమును దాంపత్యకావ్యముగఁ బ్రశంసించినవారు పెక్కండ్రు. ఆ ప్రశంస యయుక్తము గాదు. కాని దానియందు మఱియొక కథ యడఁగి యున్నది. అది ఇంటివారు రోగమును గుర్తించి, వైద్యునిచే దానికొక పేరు పెట్టించుకొనువఱకుఁ బట్టిన కాలముయొక్క కథ. బెయిలీ తన గ్రంథమును ‘నాఁడు’, ‘నేఁడు’ అను నర్థము వచ్చు రెండు భాగములుగ విభజించెను. నాఁటి కథలోఁ బ్రణయము, స్నేహితులు, నదీస్నానములు. నేఁటి కథలో భార్యకు వస్త్రములు తొడుగుట, స్నానము చేయించుట, శిశువుల కొఱకు టెలివిజన్‌లోఁ జూపు బొమ్మలాటను ఆమె ప్రక్కఁ గూర్చుండి చూచుట. ఈ రెంటి నడుమ నున్న మూఁడేండ్లే కుటుంబమునకు నిజమైన పరీక్ష. గ్రంథమున నా భాగమే పలుచన.

ఆ మూఁడేండ్లలో జరిగిన దేమి? 1994లో ఇజ్రాయెల్ దేశమున నొక పండితసభలో, శ్రోతల ప్రశ్నలకు సమాధానము చెప్పఁబూని ఐరిస్ మాటలు దొరకక యాఁగిపోయెను. 1995లో ‘జాక్సన్స్ డిలెమా’ యను కడపటి నవల ప్రకటింపఁబడెను. 1996లోఁ గూడ నామె పత్రికలవారితో దీనిని వ్రాఁత సాగకపోవుటగనే చెప్పుకొనెను. వాక్యమునందలి సూక్ష్మభేదములను బట్టుటయే వృత్తిగాఁ గల భర్త చెంతనే యుండియు దానిని రోగమని యెప్పుడు తలఁచెనో గ్రంథమువలన స్పష్టపడదు. దీనికిఁ గారణము లాతని మాటలలోనే దొరకుచున్నవి. ఒకరి యేకాంతము నొకరు కదల్పకుండుటయే వారి దాంపత్యమునకు నియమము. ఆ గృహము పుస్తకములతోఁ, గాగితములతోఁ, దుమ్ముతో నిండిన యడవి. అన్యగృహమున వస్తువులు తప్పిపోవుట లక్షణ మగును. ఆ యింట నది స్వభావము. కావున లక్షణము స్వభావమున లీనమై కనఁబడకపోయెను.

ఇచట బెయిలీ వాడిన యుపమాన మొకటి విచారింపఁదగినది. ఆతఁ డీ వ్యాధిని, చుట్టునున్నదంతయు మాయమగువఱకు నెవరికిఁ దెలియని పొగమంచుతోఁ బోల్చెను. వినుటకు మనోహరముగ నున్నది. కాని మంచు దృశ్యమును గప్పును గాని ద్రష్టను గప్పదు. ప్రొద్దెక్కినఁ దొలఁగును గూడ. ఈ వ్యాధి ద్రష్టనే హరించునది, తొలఁగనిది. సాధారణధర్మము రోగి పక్షమునఁ గుదురదు. చూడవలసియుఁ జూడలేకపోయిన భర్త పక్షమున మాత్రము చక్కఁగాఁ గుదురుచున్నది. ఉపమేయమును దాఁచి కవి తన్నుఁ దానే చెప్పుకొన్నట్లయ్యెను.

భర్తకుఁ గనఁబడనిది గ్రంథములలోఁ గనఁబడినది. 2005లోఁ బీటర్ గారర్డు మొదలగు వైద్యపండితులు ‘బ్రెయిన్’ అను పత్రికలో నొక పరిశోధనమును బ్రకటించిరి. ఐరిస్ తొలి నవల ‘అండర్ ది నెట్’ (1954), నడిమిది ‘ది సీ, ది సీ’, కడపటిది ‘జాక్సన్స్ డిలెమా’ – ఈ మూఁటి పదములను లెక్కించి పోల్చిరి. ఆమె చేవ్రాఁతతోనే రచించునది, పరిష్కర్తల జోక్యమును సహింపనిది యగుటచే నామె పాఠములు పరీక్షకు మిగులఁ దగినవి. తేలిన విషయము వ్యాకరణవేత్తలకు విస్మయము గొల్పును. కడపటి నవలలోఁ బదసంపద సన్నగిల్లినది, వాడుకలో నెక్కువగా నుండు మాటలే మరల మరల వచ్చినవి. కాని వాక్యనిర్మాణము నంత భేదము లేదు. అనఁగా కర్తృకర్మక్రియాసంబంధము నిలిచియే యున్నది, ప్రాతిపదికములు జాఱిపోవుచున్నవి. ఆకాంక్ష చెడలేదు, ఆసత్తి చెడలేదు. ఆకాంక్షను దీర్పవలసిన శబ్దమే రాకున్నది. ఇల్లు నిలిచి యుండఁగా లోని సామగ్రి యొక్కొక్కటి తరలిపోయినట్లు! 2011లో నితరపండితులు మర్డాక్, అగాథా క్రిస్టీ, పి. డి. జేమ్స్ – ఈ మువ్వుర నవలలను బరిశీలించి, జేమ్స్ రచనలలో నట్టి క్షయము లేదని చూపిరి. క్రిస్టీకి జీవితకాలమున నెవరును రోగనిర్ణయము చేయలేదు. చనిపోయిన గ్రంథకర్త్రికి నవలను బట్టి వ్యాధిని నిర్ణయించుట సాహసమే యగును. ఐరిస్ విషయమున మరణానంతరపరీక్ష వ్యాధిని ధ్రువపఱచినది గనుక నా లెక్కలకు బలము గలదు.

వైద్యుఁడు చేయఁగలిగిన దెంత? 1975 నుండి వాడుకలో నున్న 30 మార్కుల చిన్న పరీక్ష యొకటి గలదు: తేదీ యేమి, ఊ రేది, చెప్పిన మూఁడు మాటలు జ్ఞప్తి యున్నవా, ఈ బొమ్మను గీయుము – ఇట్టివి. విద్వాంసులు వ్యాధి ముదురుచున్నను దీనిలో గట్టెక్కఁగలరు. రక్తపరీక్షచే థైరాయిడ్ లోపమును, బి12 లోపమును, సంభాషణచే మనోవిషాదమును వేఱుచేయవలెను. ఇవి చికిత్సకు లొంగునవి. ఈ యొక్క కారణముచేతనే పేరు తెలిసికొనుట వ్యర్థము గాదు. మిగిలిన దంతయు ఇంటివారి సాక్ష్యముపై నాధారపడును. ప్రత్యక్షానుమానములు చాలనిచోట శబ్దము ప్రమాణ మగుట శాస్త్రసమ్మతమే. అయితే ఆప్తవాక్యమే శబ్దప్రమాణము. ఆప్తుఁడన యథార్థమును జూచి చెప్పువాఁడని నైయాయికుల మాట. ఆప్తుఁడన దగ్గఱిచుట్టమని లోకవ్యవహారము. ఈ రోగమున రెండవ యర్థము మొదటి యర్థమున కడ్డు వచ్చుచున్నది. దగ్గఱివాఁడగుటచేతనే యథార్థమును జూడలేఁడు; చూచినను జెప్ప మనసొప్పదు.

ఈ కథకు మూలమందును భర్తయే సాక్షి. 1901లో ఫ్రాంక్‌ఫర్టు చికిత్సాలయమునకు 51 ఏండ్ల ఆగస్టె డీటర్ అను స్త్రీ చేర్పఁబడెను. ఆమెకు మొదటఁ బొడసూపినది మఱపు గాదు, భర్తపై ననుమానము. ఆల్‌జైమర్ వైద్యుఁ డామెను ప్రశ్నించి సమాధానములను వ్రాసికొనెను. 1906లో నామె మరణింపఁగా మెదడును బరీక్షించి, ఆ నవంబరులోనే ట్యూబింగెన్ సభలో నివేదించెను. 1910లోఁ గ్రెపెలిన్ తన గ్రంథమున వ్యాధికి ఆల్‌జైమర్ పేరుంచెను. ఆ భర్తకుఁ బేరు లేదు. ఇంట నెవరితోనేమి చెప్పుకొనెనో!

బెయిలీకిఁ బేరు దొరకినది. దొరకిన పిమ్మటనే తన కోపములను, గసరులను దాఁచక వ్రాయఁగలిగెను. ఇది గ్రంథమునందలి మిక్కిలి నిజమైన భాగము. రోగము తెలియకమున్ను విసువు భార్యపై విసువు. తెలిసినపిదప నది వ్యాధిపై విసువు. ఐనను దన కథను దాఁ జదువలేని, వలదనలేని మనిషిని జీవించియుండఁగా వీథి కెక్కించుట ధర్మమా యను నాక్షేపము గలదు. ఎ. ఎన్. విల్సన్ 2003 నాఁటి గ్రంథమున బెయిలీని గట్టిగా విమర్శించెను. ఆ యాక్షేపమును ద్రోసివేయ వలనుపడదు. స్నానపువర్ణన లేకున్నను గ్రంథమున కేమియుఁ గొఱఁత లేకుండెడిది.

తెలుఁగువారి యిండ్లలో నిట్టి జాగునకు వాక్సాహాయ్య మధికము. ముదుసలి యడిగినదే యడుగుచున్నచోఁ ‘జాదస్త’ మందురు. ఛాందసశబ్దభవమైన యీ పదము వేదపాఠి నుండి మూఢునకును, మూఢుని నుండి ముదుసలికిని దిగివచ్చినది. ఆ మాట యనుటతో విచారణ ముగిసిపోవును, వైద్యునివఱకుఁ బోవు నవసరమే తోఁపదు. పారిభాషికముగా వాడు ‘చిత్తవైకల్యము’ దీనికి విపరీతదోషము గలది. మూలమగు లాటిను పదము మనస్సు తొలఁగుట యను నర్థము గలదే కావచ్చును గాని, తెలుఁగున నది వెఱ్ఱిని స్ఫురింపఁజేసి ఇంటివారిని సిగ్గుపఱచును. ‘స్మృతిభ్రంశ’ మన్నచో స్మృతియే చెప్పఁబడినది, పదలోపము చెప్పఁబడలేదు. వార్తాపత్రికలు వాడు ‘మతిమఱపు వ్యాధి’ యందు మతిమఱపు తేలికపదమే యైనను ‘వ్యాధి’ యను నుత్తరపదము దానిని వైద్యునివైపునకు మరల్చుచున్నది. శాస్త్రదృష్టిచే నసమగ్రమైనను, తల్లిని వెంటఁబెట్టుకొని యాస్పత్రికిఁ బోవు కొడుకు నోట నీ నాల్గింటిలో నిదియే తడఁబాటు లేక వెడలును.