ఈస్టు గోడయు, వెల్లుల్లి మాత్రయు

గాజుపళ్లెరములో వెల్లుల్లి రసము చుక్కవేసినచోట కాండిడా అను ఈస్టు పెరుగదు. ఇది నిజము. కాని దీనినిబట్టి వెల్లుల్లి తినువారికి ఈస్టు వ్యాధి సోకదని కొందరు వ్రాయుచున్నారు. ఈ రెండు మాటల నడుమ చాల దూరమున్నది.

ఈస్టు కణము చుట్టును గట్టి గోడ కలదు. అది ముఖ్యముగా బహుశర్కరలతో, అనగా చక్కెర అణువులు గొలుసులుగా కూడిన పదార్థములతో, ఏర్పడినది. లోపల రొయ్య పెంకులో వలె కైటిన్ ఉండును. గోడకు బలమునిచ్చునది బీటా-గ్లూకాన్. వెలుపల ప్రోటీనులతో కూడిన మన్నాన్ పొర గ్లూకానును కప్పియుంచును. అందుచే గ్లూకానును గుర్తింపగల తెల్లరక్తకణములకు ఈస్టు సులభముగా పట్టుబడదు. మానవ కణమునకు ఇట్టి గోడయే లేదు. కనుకనే గోడను దెబ్బతీయు మందు రోగికి తక్కువ హాని చేయును. 2001లో అమెరికాలో ఆమోదము పొందిన కాస్పోఫంగిన్ గ్లూకాన్ తయారీనే ఆపును.

మొక్కలును తమపై దాడిచేయు శిలీంధ్రముల గోడలను కొన్ని ఎంజైములతో ఛేదించును. వెల్లుల్లి రసము పనిచేయు తీరు వేరు. దంచినప్పుడు పుట్టు అల్లిసిన్ ముఖ్యముగా ఎంజైములలోని గంధకపు భాగములతో చర్య జరుపును. అట్టి భాగములు మానవుల ఎంజైములలోను గలవు. పైగా అల్లిసిన్ నిలుకడలేని పదార్థము. ఆస్ట్రేలియాలో 63 మంది స్త్రీలపై జరిపిన పరీక్ష 2014లో ప్రకటితమైనది. కొందరికి వెల్లుల్లి మాత్రలు, కొందరికి మందులేని మాత్రలు రెండు వారములు ఇచ్చిరి. యోనిలోని కాండిడా సంఖ్యలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. చిన్న పరీక్షయగుటచే ఇది తుదితీర్పు కాదు. అయినను పళ్లెరపు సాక్ష్యమొక్కటే చాలదని ఇది హెచ్చరించుచున్నది.

అట్లని ఆకులను వెదకుట వ్యర్థమనరాదు. జూనిపర్ ఆకులలో నివసించు ఒక శిలీంధ్రమునుండి ఎన్ఫుమఫంగిన్ లభించినది. దానిని రసాయనికముగా మార్చి, గ్లూకాన్ తయారీని ఆపు ఐబ్రెక్సాఫంగెర్ప్ అను మందును చేసిరి. రోగులపై పరీక్షించిన పిమ్మటనే 2021లో యోని ఈస్టు వ్యాధికి అమెరికాలో అది ఆమోదింపబడినది.

ఏ మూలికనుగూర్చి చదివినను, అది కణములో దేనిని దెబ్బతీయును, దేహములో అచ్చటికి చేరునా, రోగులకు గుణమిచ్చెనా అని పాఠకుడు అడుగవలెను. ఈస్టు రక్తములో చేరిన రోగి విషయమున ఈ ప్రశ్న అడుగక కాలయాపన చేసినచో ప్రాణమే పోవచ్చును.