గీత సంఘంలో చేరేముందు

చెట్టెక్కి కల్లు తీసేవాళ్లు కలిసి పెట్టుకునేది కల్లుగీత సహకార సంఘం. ఆంధ్రప్రదేశ్‌లో తాటి, ఈత చెట్ల నుంచి కల్లు తీసి అమ్మాలంటే ఎక్సైజ్ శాఖ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతికి రెండు దారులున్నాయి. మొదటిది సంఘం దారి. గీత కార్మికులు సహకార సంఘంగా రిజిస్టరై, తమ ప్రాంతంలోని చెట్లకూ కల్లు దుకాణానికీ ఉమ్మడిగా లైసెన్సు తీసుకుంటారు. ఆఫీసు కాగితాల్లో దీని పేరు టీసీఎస్. రెండోది సొంత దారి. గీత కార్మికుడు తాను గీసే చెట్లకు తన పేరునే లైసెన్సు పొంది, తన కల్లు తానే అమ్ముకుంటాడు. దీన్ని టీఎఫ్‌టీ అంటారు. పేరాల, వేటపాలెం, బాపట్ల, రేపల్లె వైపు వృత్తిలోకి దిగే యువకుడు మొదట తేల్చుకోవలసింది ఈ రెండింటిలో ఏ దారి పట్టాలన్నదే. దాని మీదే అతని రాబడి, భద్రత, ఊళ్లో అతని మాటకుండే బలం చాలావరకు ఆధారపడతాయి.

ఇది తేలాలంటే ముందు పని స్వభావం తెలియాలి. తాటిలో పోతు చెట్టు వేరు, పెంటి చెట్టు వేరు. రెండింటి నుంచీ కల్లు తీస్తారు గానీ గీసే తీరులో తేడా ఉంది. పోతుతాటికి సన్నగా, పొడుగ్గా వచ్చే పూగెలలను కట్టగా కట్టి, కొన్నాళ్లపాటు రోజూ నొక్కి మెత్తబరిచి, ఆ తర్వాత కొస చెక్కుతారు. కోసిన చోట రసం ఊరి బొట్లుబొట్లుగా కుండలోకి దిగుతుంది. మొలలో కత్తి, నడుముకు మోకు, కాళ్లకు బందం, అంతే సరంజామా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి కుండ దించుకోవాలి, గెల కొసను మళ్లీ పల్చగా చెక్కాలి. చెక్కు మందమైతే గెల తొందరగా అరిగిపోతుంది, మరీ పల్చనైతే రసం సరిగా దిగదు. ఆ చెక్కు ఎంత ఉండాలో చేతికి తెలియడానికే ఏళ్లు పడుతుంది. కొన్నాళ్లు ఎక్కకుండా వదిలేస్తే కోత ఆరిపోయి ఆ గెల పని అయిపోయినట్టే. కాబట్టి చలికాలం చివర మొదలై ఎండలు ముదిరేదాకా సాగే సీజనులో గీత కార్మికుడికి సెలవన్నది లేదు. బాపట్లలో ఎక్సైజ్ కార్యాలయానికి వెళ్లి కూర్చోవాలన్నా, చీరాల బజారులో కల్లు ధర గురించి బేరమాడాలన్నా ఒక పూట చెట్టు మానుకోవాలి. ఆ పూట కల్లు మళ్లీ రాదు.

సరుకు స్వభావం దీనికి తోడవుతుంది. చెట్టు నుంచి దిగే రసం తియ్యగా ఉంటుంది. కుండకు లోపల సున్నం పూస్తే అది పులియకుండా నీరాగా మిగులుతుంది. సున్నం లేని కుండలో గాలిలోని, కుండలోని ఈస్టు, బ్యాక్టీరియా రసాన్ని పట్టుకుని గంటల్లోనే పులియబెడతాయి. పొద్దున దించిన కల్లు పొద్దుటికే రుచి. సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులుపు ముదిరి వినిగరు వైపు పోతుంది. దాచుకుని మంచి ధర వచ్చినప్పుడు అమ్ముకునే వీలు లేదు. దాచలేని సరుకు చేతిలో ఉన్నవాడు ఒంటరిగా బేరమాడితే గెలుపు ఎప్పుడూ కొనేవాడిదే. పాల రైతులు సంఘాలు కట్టుకోవడానికి, గీత కార్మికులు సంఘాలు కట్టుకోవడానికి మూలకారణం ఒక్కటే.

ప్రపంచంలో మద్యానికి సంబంధించిన సభ్యత్వాలు అనేకం. వాటిలో పేరున్నవి ఎక్కువగా తాగేవాళ్ల కోసం పెట్టినవి. స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో లాఫ్రాయిగ్ డిస్టిలరీ 1994లో తన అభిమానుల కోసం ఒక క్లబ్బు మొదలుపెట్టి, సభ్యుడికి డిస్టిలరీ దగ్గర ఒక చదరపు అడుగు నేలను లీజుకిస్తోంది. ఎడిన్‌బరోలో కొందరు మిత్రులు డబ్బు వేసుకుని విస్కీ పీపా కొనుక్కుని పంచుకున్న అలవాటు నుంచి 1983లో స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ పుట్టింది. చట్టం ప్రకారం స్కాచ్ విస్కీ కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలో ఉండాలి. ఏళ్ల తరబడి నిలవుండే సరుకు కాబట్టి దాని చుట్టూ అభిమానుల క్లబ్బు నడుస్తుంది. అందులో చేరాలా వద్దా అనేది ఇష్టానికి, జేబుకు సంబంధించిన విషయం. చేరకపోయినా ఎవరి పొయ్యీ ఆరిపోదు. గీత సంఘం సంగతి అలా కాదు. ఇక్కడ సభ్యుడు తయారీదారు. సభ్యత్వమే అతని జీవనాధారం.

ఈ సంఘాల వెనుక పెద్ద చరిత్ర ఉంది. బ్రిటిషు పాలనలో మద్రాసు రాష్ట్రానికి 1886లో వచ్చిన ఆబ్కారీ చట్టం తాటిచెట్టును ప్రభుత్వ ఆదాయ వనరుగా చేసింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలైంది. అప్పటి గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల, పేరాలకూ అది వర్తించింది. ఉపాధి పోయిన గీత కార్మికులకు ప్రత్యామ్నాయంగా ప్రభుత్వం తాటిబెల్లం సహకార సంఘాలను ప్రోత్సహించింది. సున్నం పూసిన కుండలో తీసిన రసాన్ని కాచి బెల్లం చేయడం ఆ సంఘాల పని. కానీ వంటచెరకు ఖర్చు, బెల్లం ధర లెక్క వేసుకుంటే కల్లు మీద వచ్చే రాబడికి అది సాటి రాలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నిషేధాన్ని సమీక్షించడానికి వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయమంది. ఆ సిఫారసు అమలు చేయాలని గౌతు లచ్చన్న వంటి నాయకులు గీత కార్మికుల తరఫున పోరాడారు. చివరికి నిషేధం విషయం మీదే 1954 నవంబరు 6న టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. చెట్టెక్కేవాడి బతుకు ఒక ప్రభుత్వాన్నే దించిన సందర్భమది. తర్వాత నిషేధం సడలింది. 1968 ఎక్సైజ్ చట్టం, దాని కింద వచ్చిన నిబంధనలు నేటి లైసెన్సు పద్ధతికి పునాది వేశాయి.

పేరాలలో సహకార సంఘమంటే ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇది మగ్గాల ఊరు. చేనేత సంఘం సభ్యుడికి నూలిస్తుంది, నేసిన బట్ట తీసుకుంటుంది, మజూరీ కడుతుంది. సంఘం బాగుంటే నేతగాడికి మాస్టర్ వీవర్ గుమ్మం ఎక్కే అవసరం తప్పుతుంది. బాగోకపోతే మగ్గం లేనివాడి పేరు కూడా జాబితాలోకి ఎక్కుతుంది, రాయితీ దారి తప్పుతుంది. ఈ రెండు అనుభవాలూ గీత సంఘానికి పాఠాలే. ఉమ్మడిగా ఒక మాట మీద నిలబడటమూ ఈ ఊళ్లకు తెలుసు. కొత్తగా పెట్టిన పురపాలక సంఘం, దాని పన్నుల భారం వద్దని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల జనం ఇళ్లు వదిలి ఊరి వెలుపల రామ్‌నగర్ కట్టుకున్నారు. 15 వేల పైచిలుకు జనాభాలో 13 వేలకు పైగా కదిలారు. దాదాపు 11 నెలలు పాకల్లో గడిపారు. ప్రతి ఇంటివాళ్లూ అది తమ సొంత నిర్ణయమని అనుకున్నందువల్లే అంతకాలం నిలవగలిగారు. ఏ సంఘానికైనా ప్రాణం పోసేది ఆ భావనే.

సంఘంలో చేరితే ఒనగూడేవి నాలుగు. ఒకటి, చెట్ల మీద హక్కు స్థిరపడటం. తాటిచెట్లు ఎక్కువగా రైతుల గట్ల మీద, కాలవల వెంట, తీరం వైపు ఇసుక నేలల్లో ఉంటాయి. చెట్టు యజమానితో ఒప్పందం, ఎక్సైజ్ సిబ్బంది చెట్లకు నంబర్లు వేయడం వంటి పనులు ఒక్కడికి బరువు, సంఘానికి తేలిక. రెండు, దుకాణం. ఒకరికి జ్వరం వచ్చి చెట్టెక్కలేకపోయినా దుకాణం మూతపడదు. మూడు, ప్రమాదం జరిగితే అండ. మోకు జారితే ప్రాణం పోతుంది, లేదా నడుం విరిగి మంచాన పడతాడు. 2022లో ప్రకటించిన అయిదేళ్ల కల్లుగీత విధానంలో రాష్ట్ర ప్రభుత్వం కిస్తులను రద్దు చేసి, ప్రమాద మరణానికిచ్చే పరిహారాన్ని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. అలాంటి సాయం కోసం దరఖాస్తు పెట్టే కుటుంబానికి లైసెన్సు, సభ్యత్వం, చెట్ల వివరాలు రికార్డులో ఉండటం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. నాలుగు, మాట బలం. తెలంగాణలో 2024లో గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలైంది. ఇలాంటివి అడిగి సాధించుకోవాలంటే ఒక్కొక్కరు విడిగా అర్జీలు పెడితే చాలదు, కలిసి అడగాలి.

సభ్యత్వంతో బాధ్యతలూ వస్తాయి. వాటాధనం కట్టాలి, సర్వసభ్య సమావేశానికి రావాలి, కమిటీ ఎన్నికలో ఓటేయాలి. సహకార చట్టంలో వాటా ఎంతున్నా సభ్యుడికి ఒక్క ఓటే. అన్నిటికంటే పెద్దది ఉమ్మడి పూచీ. లైసెన్సు ఉమ్మడిది కాబట్టి ఒకడు చేసిన తప్పు అందరి మెడకూ చుట్టుకుంటుంది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలపడం ఏళ్లుగా నడుస్తున్న ఘోరం. చెట్లు చాలక, గిరాకీ ఎక్కువైనచోట ఈ దారి తొక్కుతారు. తన చెట్ల నుంచి దిగే కల్లు ఎంతో, దుకాణంలో అమ్ముడయ్యేది ఎంతో సభ్యుడికి తెలిస్తే కల్తీ అక్కడే బయటపడుతుంది. దిగినదాని కంటే అమ్మింది ఎక్కువుంటే తేడా ఎక్కడి నుంచి వచ్చిందో అడిగే హక్కు అతనిది. ఆ హక్కు వాడుకోవడం తాగేవాడి ప్రాణానికీ తన లైసెన్సుకూ కాపలా కాయడమే.

అందుకే వాటాధనం కట్టేముందు కొన్ని విషయాలు కళ్లారా చూడాలి. సభ్యుల జాబితా తీసుకుని, అందులో నిజంగా చెట్టెక్కేవాళ్లు ఎందరో లెక్కపెట్టాలి. కత్తి పట్టనివాళ్ల పేర్లు సగం ఉంటే ఆ సంఘం నడిపేది వెనక డబ్బు పెట్టిన కాంట్రాక్టరే అయ్యుండవచ్చు. ఆడిట్ నివేదిక, చివరిసారి సర్వసభ్య సమావేశం జరిగిన మినిట్స్ పుస్తకం చూపించమనాలి. సహకార సంఘంలో అవి సభ్యులకు దాచే కాగితాలు కావు. దుకాణం రాబడి పంచే పద్ధతి తెలుసుకోవాలి: పోసిన కల్లు కొలతను బట్టా, తలకింతనా? కొలత పద్ధతిలో కష్టపడ్డవాడికి న్యాయం జరుగుతుంది. తల లెక్కలో జబ్బుపడ్డవాడికి ఆసరా దొరుకుతుంది. కొంత కొలత మీద, కొంత సహాయనిధికి పెట్టే సంఘం రెండూ ఆలోచించినట్టు లెక్క. సంఘం బైలాలో సభ్యుడు తప్పుకుంటే వాటా తిరిగివ్వడం, చనిపోతే కొడుక్కో భార్యకో సభ్యత్వం బదలాయించడం ఎలా రాశారో చదవాలి. లెక్కల్లో అనుమానం వస్తే తగినంతమంది సభ్యులు కలిసి సహకార చట్టం సెక్షన్ 51 కింద విచారణ కోరవచ్చు. ఆ దారి ఉందని ముందే తెలుసుకున్న సభ్యుణ్ని మభ్యపెట్టడం కష్టం.

సొంత లైసెన్సు మేలయ్యే పరిస్థితులూ ఉన్నాయి. ఊళ్లో గీసేవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలితే సంఘం నడపడమే భారం. సొంత గట్ల మీద చెట్లుండి, కల్లు తాగేవాళ్లు చెట్టు దగ్గరికే వచ్చేచోట మధ్యలో సంఘం అక్కర్లేదు. ఉన్న సంఘం పెత్తందారు చేతిలో ఇరుక్కుని, సమావేశాలు కాగితం మీదే జరుగుతుంటే అందులో చేరడం కంటే విడిగా ఉండటమే గౌరవం. అయితే అతను అన్నీ తానే చూసుకోవాలి. కాగితాలు, యజమానులతో మాట, అమ్మకం, ప్రమాదం వస్తే ఇల్లు గడవడం, అన్నీ ఒక్క భుజం మీద పడతాయి. ఈ బరువు మోయగలిగిన మంచి రోజుల్లో తీసుకున్న నిర్ణయం, మోయలేని చెడ్డ రోజుకూ సరిపోతుందా అని ఇంట్లోవాళ్లతో కలిసి ఆలోచించుకోవాలి.

ఒక తేడా మరిచిపోకూడదు. 2024లో వచ్చిన మద్యం దుకాణాల విధానంలో రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం దుకాణాలను గీత కులాలకు కేటాయించింది. గౌడ, శెట్టిబలిజ, ఈడిగ, యాత, శ్రీశయన కులాల వారికి అది మంచి అవకాశమే. కానీ అది కులానికి దక్కిన వాటా. గీత సంఘం సభ్యత్వం వృత్తికి దక్కాల్సినది. కులం ఒకటే అయినా చెట్టెక్కేవాడి అవసరాలు వేరు, దుకాణం దక్కించుకునేవాడి అవసరాలు వేరు. సంఘం రెండోవాళ్లతో నిండితే మొదటివాడికి అందులో చోటుండదు.

ముందు రోజుల్లో సంఘం అవసరం ఇంకా పెరుగుతుంది. తెలంగాణ 2019లో నీరా విధానం తెచ్చింది. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది. పులియని తాటిరసం, తాటిబెల్లం, తాటి చక్కెర పట్టణాల్లో కొనేవాళ్లున్న సరుకులు. కానీ నీరాను చెట్టు దించగానే చల్లబరిచి, అలాగే చల్లగా రవాణా చేయాలి. దానికి కావలసిన యంత్రాలు ఒక గీత కార్మికుడు కొనలేడు. ముప్పైమంది కలిసి అప్పు తెచ్చుకుంటే సాధ్యం. మద్యనిషేధపు రోజుల్లో తాటిబెల్లం సంఘాలను దెబ్బతీసిన ఖర్చుల లెక్క ఇక్కడా ఎదురవుతుంది కాబట్టి, కొనేవాడు ఎవరో తేలాకే యంత్రానికి డబ్బు పెట్టాలి.

అన్నీ కలిపి చూస్తే నిర్ణయానికి ఒక కొలబద్ద ఉంది. సంఘంలో ఎక్కువమంది చెట్టెక్కేవాళ్లై, లెక్కలు వాళ్ల ముందు తెరిచి ఉండి, పోసిన కల్లుకూ పంచిన డబ్బుకూ పొంతన కనిపిస్తే చేరడమే మంచిది. ఆ మూడింటిలో లెక్క ఒక్కటే లోపమైతే, చేరి సర్వసభ్య సమావేశంలో అడగాలి. గీసేవాళ్లే లేని సంఘమైతే సొంత లైసెన్సు తీసుకుని, తనలాంటి మరికొందరు కూడినప్పుడు కొత్త సంఘానికి దరఖాస్తు పెట్టుకోవడం మేలు.