వేయిపడగలలో మిగిలిన రెండు

కృష్ణామండలమున నందమూరున జన్మించి బెజవాడలో స్థిరపడిన విశ్వనాథ సత్యనారాయణగారు 1934లో రచించిన వేయిపడగలు నవల చివర రెండు పడగలే మిగులుచున్నవి. అవి దాంపత్యధర్మమునకు సంకేతములని ప్రసిద్ధి. ధర్మారావు తనకు పరమమైన విలువ నిట్లు నిర్ణయించుకొనెనని కొందఱందురు. ఇది విచార్యము.

రెండు విధు లొకచోట ప్రసక్తములైనపుడు వైయాకరణులు బలాబలములు చూతురు. పరముకంటె నిత్యము, దానికంటె నంతరంగము, అంతకంటె నపవాదము బలీయము. బలవంతము ప్రవర్తింపగా దుర్బలము తొలగును. ఇచటనో, గుడియుత్సవములును కోటవైభవమును కాలముచే క్షీణించినవే గాని ధర్మారావు త్రోసిపుచ్చినవి గావు. శేషించినదెల్ల నెన్నుకొన్నది కాదు.

గిరిక యట్లు గాదు. దేవదాసి కూతురగు నామె వేణుగోపాలస్వామియందే మనసు నిలిపి తక్కినదెల్ల తానే విడిచినది. బలాబలనిర్ణయమునకు నిక్కమైన యుదాహరణ మీమెయే. పాఠము చెప్పునపుడు ధర్మారావుకడ నిలిచి యీమెను ప్రాసంగికముగా దాటవేయుట (మన పండితుల కిది యలవాటే) నాకు సమ్మతము గాదు.

అయినను ఆ రెండు పడగలు నిలుచుటకు హేతువు లేకపోలేదు. అంతరంగమనగా నిమిత్తము లోపలనే కలది. సుబ్బన్నపేటలో గుడికి జమీందారు కావలెను, ఉత్సవమునకు ఊరెల్ల కావలెను. దాంపత్యమున కిద్దఱు చాలుదురు. కావున నది నిలిచినది. గెలిచినదనువారు మాత్రము, ధర్మారావు వేఱొక ధర్మమును కాదని దీనిని వరించిన ఘట్టమును గ్రంథమునుండి చూపవలయును.