టెర్రస్ ఎవరిది, లిఫ్ట్ ఎవరిది?

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ ఏ ఊళ్లో జరిగినా రెండు మాటలు వినబడతాయి. ఫస్ట్ ఫ్లోర్ వాళ్లు ‘మేం మెట్లెక్కి పోతాం, లిఫ్ట్ ఖర్చు మాకెందుకు?’ అంటారు. వానాకాలంలో పై అంతస్తు స్లాబ్ కారితే కింది వాళ్లు ‘అది వాళ్లింటి రిపేరు, మాకేం సంబంధం?’ అంటారు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌కు ట్రెజరర్‌గా లెక్కలు చూస్తున్నాను కనక ఈ రెండింటికీ జవాబు చెప్పే పని తరచూ నా మీద పడుతుంది.

అలా అడిగేవాళ్లను నేను సేల్ డీడ్ తెచ్చుకోమంటాను. షెడ్యూల్ పేజీలో ఫ్లాట్ విస్తీర్ణంతో పాటే, మొత్తం స్థలంలో మీకు ఇన్ని చదరపు గజాల అవిభాజ్య వాటా అని రాసి ఉంటుంది. అందరం యూడీఎస్ అనేది దాన్నే. ఆ గజాలు ఎక్కడున్నాయో ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. లిఫ్ట్ గుంత కిందా ఉన్నాయి, సంపు కిందా ఉన్నాయి, వాచ్‌మన్ గది కిందా ఉన్నాయి. తలుపు లోపలున్నది మనొక్కరిది. తలుపు దాటి కాలు బయట పెడితే ప్రతి అడుగూ అందరిదీ. లిఫ్ట్ ఎక్కకపోయినంత మాత్రాన అందులో మన వాటా పోదు. వాటా పోనప్పుడు దాని ఖర్చూ పోదు.

టెర్రస్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. స్లాబ్ ఒక్క రోజులో కారదు. వాన నీళ్లు దిగే పైపు మూతి దగ్గర ఆకులు, పావురాల ఈకలు పేరుకుంటాయి. నీళ్లు నిలుస్తాయి. ఒకరు డిష్ బిగించడానికి డ్రిల్ చేసి బోల్టులు దింపుతారు, ఇంకొకరు పూలకుండీల వరస పెడతారు. పిట్టగోడ, స్లాబ్ కలిసే చోట సన్నటి చీలిక వస్తుంది. అక్కణ్నుంచి చెమ్మ లోపలికి దిగి ఇనుప చువ్వకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పై ఇంటివాళ్లకు సీలింగ్ మీద మరక కనబడేనాటికి నష్టం మొదలై చాలా కాలమైపోయి ఉంటుంది. ఆ చువ్వలు బిల్డింగ్ మొత్తానివి. పై అంతస్తు వాళ్లు ముందుగా తడిశారు, అంతే.

మా దగ్గర వాటర్‌ప్రూఫింగ్ చేయించినప్పుడు పాత పూత చెక్కించి, చీలికలు పూడ్చి, కొత్త పూత వేశాక టెర్రస్ మీద నీళ్లు కట్టి ఉంచాం. కింద మరక పడలేదని చూసుకున్నాకే కాంట్రాక్టరుకు చివరి వాయిదా ఇచ్చాం. ఆ నీళ్లు చూడ్డానికి ఫస్ట్ ఫ్లోర్ పెద్దాయన మెట్లెక్కి వచ్చారు. ఆ డబ్బులో ఆయన వాటా కూడా ఉంది మరి. అంతకు ముందు ఆయన టెర్రస్ మీదికి రావడం నేను చూడలేదు. (బాత్రూం కారితే మాత్రం లెక్క వేరు. పై ఫ్లాట్ బాత్రూం నుంచి కింది ఫ్లాట్‌లోకి నీరు దిగితే దాన్ని బాగుచేయించాల్సింది పై ఫ్లాట్ ఓనరే. ఆ మాట సౌమ్యంగా చెప్పి ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం వరకే అసోసియేషన్ పని.)

ఇలాంటి ఖర్చులకే కార్పస్ ఫండ్ ఉండాలి. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ వాచ్‌మన్ జీతానికి, కరెంటు బిల్లుకు, లిఫ్ట్ ఏఎంసీకి సరిపోతుంది. పదేళ్లకో పదిహేనేళ్లకో రంగులు, బోరు మోటారు, లిఫ్ట్ తాళ్లు మార్చాల్సి వచ్చినప్పుడు లక్షలు కావాలి. కరెంటు పోతే లిఫ్ట్‌ను దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే ఏఆర్‌డీ బ్యాటరీ కూడా కొన్నేళ్లకు అయిపోతుంది. మెయింటెనెన్స్ పెంచకుండా ఏళ్లు నెట్టుకొచ్చిన కమిటీని అందరూ మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోను. ఆ లోటంతా తర్వాతి వాళ్ల నెత్తిన పడుతుంది.

అసోసియేషన్ వల్ల లాభం ఏమిటని అడిగేవాళ్లకు రెరా చట్టం గుర్తు చేస్తాను. 2016లో వచ్చిన ఆ చట్టం ప్రకారం, సగానికి పైగా ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పడేలా బిల్డర్ చూడాలి. కొన్నవాళ్లు కూడా అందులో పాలుపంచుకోవాలని అదే చట్టం చెబుతోంది. ఉమ్మడి స్థలాలను, పత్రాలను బిల్డర్ అసోసియేషన్‌కు అప్పగించాలి. స్వాధీనం చేసిన ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడి, బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో తన ఖర్చుతోనే సరిచేయాలి. ఒక్క ఓనరు ఫోన్ చేస్తే ‘చూద్దాం సార్’ అనే బిల్డర్, ముద్ర వేసిన లెటర్‌హెడ్ మీద అందరి సంతకాలతో ఉత్తరం వెళితే మనిషిని పంపిస్తాడు.

నీళ్ల విషయమూ అంతే. హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్లకు అది దానంతట అది వర్తించలేదు. మీటరు పనిచేస్తూ ఉండాలి, ఫ్లాట్ల వారీగా ఆధార్ అనుసంధానం జరగాలి. ఎవరో ఒకరు ఇంటింటికీ తిరిగి నంబర్లు రాసుకుని పూర్తి చేసిన చోట బిల్లు తగ్గింది. ఆ తిరిగేవాళ్లకు జీతం ఉండదు. ‘మా ఇంట్లో పెద్దవాళ్లు లేరు, రేపు రండి’ అన్న తలుపు ముందుకు మళ్లీ వెళతారు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది మన కింద పనిచేసే మనుషుల సంగతి. మోటారు వేయడం నుంచి చెత్త, పార్సెళ్లు, కార్లు కడగడం దాకా వాచ్‌మన్ చేస్తాడు. ఆయన భార్య మెట్లు తుడుస్తుంది, మన ఇళ్లలో పనీ చేస్తుంది. వాళ్ల పిల్లలు ఆ ఒక్క గదిలోనే చదువుకుంటారు. ఆ గదికి కిటికీ ఉందా, బాత్రూంకు గొళ్లెం ఉందా, నెలలో సెలవు ఉందా అన్నవి మీటింగ్ అజెండాలో రాయాల్సిన విషయాలు. సెప్టిక్ ట్యాంకు నిండితే ఎవరో తెలిసిన కుర్రాణ్ని పిలిచి లోపలికి దించే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. అది ప్రాణాలు తీసే పని. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడాన్ని 2013లో వచ్చిన చట్టం నిషేధించింది. మిషన్ బండికి ఖర్చు ఎక్కువైతే కానీయండి. అందరికీ పంచితే తలా కొంత పడుతుంది. ఏదైనా జరిగితే ఆ కుర్రాడి తల్లికి సమాధానం చెప్పాల్సిందీ అందరమే.

అద్దెకున్నవాళ్ల గురించి కూడా చెప్పాలి. చాలా అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్స్ కట్టేది వాళ్లు, ఓటు ఓనర్లది. ఓనరు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, నీళ్లు రాని ఉదయం బకెట్ పట్టుకునేది అద్దె ఇంటివాళ్లు. ఓటు ఇవ్వకపోయినా మీటింగుకు పిలవాలి, మాట వినాలి.

జనరల్ బాడీ ఏడాదికి ఒక్కసారి వస్తుంది. ఆ ఆదివారం చాలా కుర్చీలు ఖాళీగా ఉంటాయి. తర్వాత వాట్సాప్ గ్రూపులో మాత్రం అర్ధరాత్రి దాకా లెక్కలు అడుగుతారు. అడగడం తప్పు కాదు, అడగాల్సిందే. కమిటీ కూడా నెలనెలా రసీదులతో సహా లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాలి. లెక్క దాచే కమిటీని దించేయండి. కానీ దించాక ఆ కుర్చీలో కూర్చునేది మీలో ఒకరే.

తొంభైల్లో అమీర్‌పేట, హిమాయత్‌నగర్ లాంటి చోట్ల కట్టిన అపార్ట్‌మెంట్లు ఇప్పుడు పాతబడ్డాయి. వాటిని పడగొట్టి కొత్తవి కట్టాలంటే ఎవరికెంత అన్నది యూడీఎస్ గజాల మీదే తేలుతుంది, అందరూ ఒక్క మాట మీదికీ రావాలి. లిఫ్ట్ ఖర్చు దగ్గరే కలవని వాళ్లు అక్కడెలా కలుస్తారు? మీ అపార్ట్‌మెంట్‌లో ఈసారి ట్రెజరర్ పదవికి ఎవరూ ముందుకు రాకపోతే, చెయ్యి మీరే ఎత్తండి.